టెక్ సందేహాలు: వంద డిగ్రీల ఐపీస్ కొంటే ఆకాశం ఎక్కువ కనిపిస్తుందా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. నా దగ్గర 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. దాంతోపాటు కన్ను ఆనించి చూసే 25, 10 మి.మీ. ఐపీస్‌లు వచ్చాయి. 25 పెట్టి చూసినా కృత్తికలు మొత్తం పట్టడం లేదు. ఒక పక్క చుక్కలు కనిపిస్తే ఇంకో పక్కవి తప్పిపోతున్నాయి. 13 మి.మీ., 100 డిగ్రీల ఐపీస్ కొంటే అన్నీ ఒకేసారి కనిపిస్తాయని మా మిత్రుడు అంటున్నాడు. ధర చూస్తే టెలిస్కోప్ కంటే ఎక్కువుంది. కొనమంటారా?

జవాబు: ఈ పనికైతే వద్దు. అంత డబ్బు పోసినా ఇప్పుడు కనిపిస్తున్నంత ఆకాశమే కనిపిస్తుంది. లెక్క మీరే వేసి చూడండి. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో వస్తుంది. ఐపీస్ డిగ్రీలను, అంటే అందులో కంటికి తోచే దృశ్యం వెడల్పును, ఆ రెట్లతో భాగిస్తే నిజంగా కనిపించే ఆకాశం వస్తుంది. మీ 25 మి.మీ. ఐపీస్ 48 రెట్లు పెంచుతుంది. ఇలా టెలిస్కోప్‌తో వచ్చేవి మామూలుగా 50 డిగ్రీలవి కాబట్టి మీకు దక్కేది 1 డిగ్రీ చిల్లర. మీ మిత్రుడు చెప్పిన 13 మి.మీ. ఐపీస్ 92 రెట్లు పెంచుతుంది. 100ను 92తో భాగిస్తే మళ్లీ అదే 1 డిగ్రీ చిల్లర!

కృత్తికల్లో మెరిసే చుక్కల గుంపు, అంటే అట్లాస్ నుంచి ఎలెక్ట్రా దాకా, దాదాపు 1 డిగ్రీ వెడల్పు ఉంటుంది. మీ ఐపీస్‌లో అది అంచులకు ఒరుసుకుంటోంది. అందుకే ఒకవైపు చూస్తే ఇంకోవైపు జారిపోతోంది. పల్లెల్లో పెద్దవాళ్లు పిల్లలకోడి అని పిలుచుకునే ఆ గుంపు చుట్టూ కాస్త చీకటి కూడా కనిపిస్తేనే అందం.

కాబట్టి మీరు చూడాల్సింది పెట్టె మీద రాసిన డిగ్రీలు కాదు, ఐపీస్ గొట్టం లావు. పాత ఐపీస్‌ను బయటికి తీసి స్కేలు పెట్టి కొలవండి. దాదాపు 32 మి.మీ. ఉంటే అది ఒకటింబావు అంగుళం రకం. దాని లోపలి అంచు రింగు 27 మి.మీ.కు మించదు. మీ టెలిస్కోప్‌లో ఈ రకంతో చూడగలిగేది గరిష్ఠంగా 1.3 డిగ్రీలే. 32 మి.మీ. ప్లోసెల్ రకం ఐపీస్ కొన్నా, 24 మి.మీ., 68 డిగ్రీల ఐపీస్ కొన్నా ఆ హద్దు దగ్గరే ఆగుతారు.

ఈ రెండింటిలో నేనైతే 24 మి.మీ.దే తీసుకుంటాను. కారణం హనుమకొండ వీధి దీపాలు. కంటిలోకి వచ్చే కాంతి పుంజం వెడల్పును ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. మీ టెలిస్కోప్ ఎఫ్ 8 (ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకు 8 రెట్లు) కాబట్టి ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌ను 8తో భాగిస్తే అది వస్తుంది. 32తో 4 మి.మీ., 24తో 3 మి.మీ. దాంతో వెనక ఆకాశపు వెలుగు దాదాపు సగానికి తగ్గుతుంది, చుక్కల మెరుపు మాత్రం తగ్గదు. బూడిద రంగులో కనిపించే ఊరి ఆకాశం నల్లబడి, సన్న చుక్కలు కూడా పైకి తేలతాయి.

ఐపీస్ దూర్చే ఫోకసర్‌లో అడాప్టర్ రింగు ఉందేమో విప్పి చూడండి. అది తీస్తే 2 అంగుళాల నోరు బయటపడితే మీ పంట పండినట్టే. 30 మి.మీ., 70 డిగ్రీల ఐపీస్ వేస్తే 1.75 డిగ్రీలు వస్తుంది. 38 మి.మీ.తో 2 డిగ్రీలు దాటుతుంది కానీ దాన్ని పాకాల చెరువు వైపో రామప్ప వైపో చీకట్లోకి తీసుకెళ్తేనే లాభం.

ఇంకో మంచి సంగతి. ఎఫ్ 8 అద్దం ఐపీస్‌ను పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఎఫ్ 5 టెలిస్కోప్‌లలో చౌకరకం వైడ్ ఐపీస్ వేస్తే అంచుల్లో చుక్కలు రెక్కలు చాస్తాయి. మీకు ఆ బాధ చాలా తక్కువ కాబట్టి మధ్యరకం ధర సరిపోతుంది.

వంద డిగ్రీల ఐపీస్ వృథా అని మాత్రం అనను. అపోలో వ్యోమగాముల శిక్షణ సిమ్యులేటర్లకు ఆప్టిక్స్ రూపొందించిన అల్ నాగ్లర్ 1977లో టెలీ వ్యూ కంపెనీ పెట్టారు. ఆయన 82 డిగ్రీల ఐపీస్‌లే వీటికి దారి వేశాయి. 2007లో అదే కంపెనీ 100 డిగ్రీల ఈథోస్ తెచ్చింది. చుక్కలను మోటారు లేకుండా చేత్తో వెంబడించే డాబ్సోనియన్‌కు ఎక్కువ రెట్ల దగ్గర ఈ వెడల్పు నిజంగా మేలు చేస్తుంది, గురుగ్రహం తొందరగా జారిపోదు. కానీ 21 మి.మీ. ఈథోస్ బరువే కిలో ఉంటుంది. అంత బరువు మూతి దగ్గర వేలాడితే మీ గొట్టం కిందికి వాలుతుంది.

చూసే వేళ కూడా చెబుతాను. కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు కాబట్టి ఆ రాత్రి వద్దు, అమావాస్య దగ్గర చూడండి. పైగా వరంగల్‌లో కృత్తికలు దాదాపు నడినెత్తికి వస్తాయి. అక్కడ డాబ్సోనియన్‌ను తిప్పడం కష్టం. రెండు గంటలు ముందో వెనకో చూస్తే హాయి.

ప్రశ్న: నాకు కళ్లద్దాలున్నాయి. వాటితోనే చూడాలా? (కరీంనగర్)

జవాబు: మీ కళ్లద్దాల చీటీలో సిలిండర్ గడి చూడండి. అది ఖాళీగా ఉంటే అద్దాలు తీసేసి ఫోకస్ సరిచేసుకుంటే చాలు. అక్కడ అంకె పెద్దగా ఉంటే, తక్కువ రెట్లతో చూసేటప్పుడు అద్దాలు ఉంచుకోవాలి. అప్పుడు ఐ రిలీఫ్, అంటే ఐపీస్‌కూ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం, 15 నుంచి 20 మి.మీ. ఉన్న ఐపీసే కొనండి. 10 మి.మీ. ప్లోసెల్‌లో అది 7 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, కళ్లద్దాలు వెళ్లి దానికి తగులుతాయి.

ప్రశ్న: కొనకముందే ఏ ఐపీస్‌లో ఎంత కనిపిస్తుందో చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉందా? (ములుగు)

జవాబు: ఉంది, ఉచితం కూడా. కంప్యూటర్‌లో స్టెల్లేరియం వేసుకుని, మీ ఊరు సెట్ చేయండి. ఎఫ్2 నొక్కి ప్లగిన్స్‌లో ఆక్యులర్స్‌ను ఎంచుకుని, సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవండి. అందులో మీ టెలిస్కోప్, ఐపీస్ కొలతలు ఇవ్వండి. కృత్తికల మీద క్లిక్ చేసి కంట్రోల్, ఓ కలిపి నొక్కితే ఆ ఐపీస్‌లో పట్టే ఆకాశం గుండ్రంగా తెర మీదికి వస్తుంది. తర్వాత ఒమెగా సెంటారీ కూడా వెతకండి. వేసవి రాత్రుల్లో మన దక్షిణ దిక్కున 25 డిగ్రీల ఎత్తుకు లేచే ఈ చుక్కల ముద్ద లండన్ వాళ్లకు అసలు ఉదయించదు. కొనాలనుకున్న ఐపీస్‌లను ఒక్కొక్కటిగా దాని మీద పెట్టి చూసుకుని, ఆ తర్వాతే ఆర్డర్ ఇవ్వండి.