మగ్గం మీదే ముడతలు

ప్రశ్న: నేను ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నాను. కుట్టుతో గానీ ఇస్త్రీతో గానీ పని లేకుండా, నేతలోనే ముడతలూ ఉబ్బులూ వచ్చిన దుస్తులను ఒక ప్రదర్శనలో చూశాను. అది ఎలా సాధ్యం?

జవాబు: కిటుకంతా నూలు స్వభావంలోనే ఉంది. బాగా పురి ఎక్కించిన నూలు మగ్గం మీద బిగువుగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. బట్టను దించి నీళ్లలో తడపగానే, ఆ పురి విడివడాలని చూడటంతో పోగు మెలికలు తిరిగి కురచబడుతుంది. పక్కనున్న మామూలు పోగులు అంతగా కుదించుకోలేవు కనుక పైకి ఉబ్బుతాయి. బట్టను రెండు పొరలుగా నేసి, ఒక పొరలో మాత్రమే ఇలాంటి నూలు వాడి, రెంటినీ అక్కడక్కడ కలిపితే, కలపని చోట్ల రెండో పొర బుడగల్లా లేస్తుంది. 1984లో వస్త్ర రూపకర్తలు జునిచి అరాయ్, రెయ్‌కో సుడో జపాన్‌లో ప్రారంభించిన నునో వస్త్ర సంస్థ ఇటువంటి ప్రయోగాలకు పేరుపొందింది.

నూలు, నేతలతోనే బట్టకు ప్రత్యేక గుణాలు తెచ్చే ఈ ధోరణి కొత్తదేమీ కాదు. జర్మనీలోని బౌహౌస్ అనే కళా, డిజైన్ పాఠశాల విద్యార్థిని ఆన్నీ ఆల్బర్స్‌కు 1930లో పట్టా తెచ్చిపెట్టినది, నూలుతో పాటు సెల్లోఫేన్ కలిపి నేసిన, శబ్దాన్ని పీల్చుకుంటూ వెలుతురును ప్రతిఫలించే బట్ట. (అది సభామందిరం కోసం నేసినది, ఒంటి మీదికి కాదు.)

మీరు ప్రయత్నించదలిస్తే ముందుగా జానెడు నమూనా నేసి, తడపక ముందూ ఆరిన తరువాతా పడుగు (నిలువు పోగుల) వైపు, పేక (అడ్డ పోగుల) వైపు విడివిడిగా కొలిచి, ఆ తేడాను బట్టే దుస్తుల కొలతలు నిర్ణయించుకోండి.