నటన నేర్చుకుంటే బిడియం పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి తెనాలిలో బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. కొత్తవాళ్ల ముందు నోరు విప్పదు. నిరుడు కాలేజీ వార్షికోత్సవంలో ఒక నాటికలో చిన్న వేషం వేసింది. అప్పటి నుంచి నటన నేర్చుకుంటానని పట్టుబట్టింది. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థను అడిగితే ఆరు నెలల కోర్సుకు లక్షన్నర ఫీజు అన్నారు. సినిమాల్లో అవకాశం రాకపోయినా వ్యక్తిత్వ వికాసం మాత్రం గ్యారంటీ అని చెప్పారు. డిగ్రీ ఆపేసి చేరతానంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

అమ్మా, డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. నటన వద్దని చెప్పడం లేదు. ఈ విద్యను గట్టిగా నేర్చుకోవాలనుకునే పిల్లకు డిగ్రీ అవసరం. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సుకైనా, పుణేలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన కోర్సుకైనా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీకైనా డిగ్రీ ఉంటేనే దరఖాస్తు చేయగలరు. ఇప్పుడు చదువు మానేస్తే మంచి దారులన్నీ మూసుకుపోతాయి. ఈ మాట ఆమెకు మీ భయంగా కాకుండా, ఆమె కోరికకు పనికొచ్చే సంగతిగా చెప్పండి. వింటుంది.

ఇక వికాసం సంగతి. మంచి శిక్షణలో అది నిజంగానే జరుగుతుంది. ఎలా జరుగుతుందో తెలిస్తే ఎవరి మాట నమ్మాలో మీకే అర్థమవుతుంది.

ఒక తరగతిలో చూసిన అభ్యాసం చెబుతాను. విద్యార్థి చేతిలో ఏమీ ఉండదు. లేని గ్లాసులో లేని టీ పోసుకుని తాగాలి. మొదటి రోజు అందరూ హడావుడిగా చేసేస్తారు. గురువు ఒక్కొక్కటే అడుగుతారు: గ్లాసు పట్టుకున్న వేళ్లు పిడికిలిగా ముడుచుకుపోయాయి, గ్లాసు ఏమైంది? టీ వేడిగా ఉందన్నావు, అంచు పట్టుకోవాల్సిన చేయి మధ్యలో ఎందుకు పట్టుకుంది? తాగాక గ్లాసు ఎక్కడ పెట్టావు, మళ్లీ ఎక్కడి నుంచి తీశావు? అక్కడ ఒక అమ్మాయి చాలా సిగ్గరి. తోటివాళ్లు చూస్తున్నారని మొదట వణికిపోయింది. వేళ్ల మధ్య గ్లాసు మందం నిలపాలని, ఆవిరి మొహానికి తగులుతుంటే ఊదుకుని తాగాలని ప్రయత్నించేకొద్దీ చుట్టూ ఉన్నవాళ్లను మరచిపోయింది. ఆ పిల్లకు ధైర్యం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ‘నన్ను ఎలా చూస్తున్నారో’ అన్న ధ్యాస ‘నేను ఏం చేస్తున్నాను’ అన్న ధ్యాసగా మారింది, అంతే. బిడియం సడలేది ఇలాగే. తర్వాతి మెట్టులో అదే ధ్యాస ఎదుటి పాత్రధారి మీదికి మళ్లుతుంది. అతను నిన్న చెప్పినట్టే ఈ రోజు మాట చెప్పడు. నిజంగా వింటేనే బదులు సరిగ్గా వస్తుంది. వినడం ఇంత లోతుగా నేర్పే చదువు నాకు మరొకటి తెలియదు.

ఆంగికం (శరీర కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం) అని నాట్యశాస్త్రం రాసిన భరతుడు అభినయాన్ని నాలుగుగా చెప్పాడు. మొదటి రెండూ రోజువారీ సాధన. ఊపిరి, గొంతు, ఉచ్చారణ, నడక, నిలబడే తీరు. ఇవి నెలల తరబడి చేస్తే ఇంటర్వ్యూ గదిలోనూ, తరగతి గదిలోనూ పనికొస్తాయి. సమయానికి రావడం, పదిమంది ముందు తప్పు దిద్దించుకుని మళ్లీ చేయడం, తనకు నచ్చని మనిషి పాత్ర వేసి అతని కారణాలు అర్థం చేసుకోవడం కూడా ఈ శిక్షణలోనివే.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని చోట్ల ‘లోపలి మనిషిని బయటికి తీస్తాం’ అంటూ విద్యార్థుల సొంత దుఃఖాలను తవ్వి, అందరి ముందూ ఏడిపిస్తారు. అదే అసలైన నటన శిక్షణ అని కూడా చెబుతారు. ఒప్పుకోకండి. సొంత జ్ఞాపకాల నుంచి భావోద్వేగం రాబట్టే పద్ధతిని మొదట్లో ప్రయత్నించిన రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తర్వాతి కాలంలో శారీరక క్రియల మీద ఎక్కువ ఆధారపడ్డాడు. అమెరికన్ నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్‌లో ఆయన దగ్గర నేర్చుకుని వెళ్లి, పాత్ర ఉన్న పరిస్థితులు, నటుడి ఊహ ముఖ్యమని బోధించింది. గాయాన్ని గెలకకుండా నేర్పే మార్గం తొంభై ఏళ్ల నుంచి ఉంది. ఇంకొకటి: మీ అమ్మాయి బిడియం నిద్ర, తిండి, కాలేజీకి వెళ్లడం దాకా దెబ్బతీసేంత ఉంటే ముందు మానసిక నిపుణులను కలవండి. నటన తరగతి వైద్యం కాదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, లక్షన్నర పక్కన పెట్టండి. మీరున్నది తెనాలిలో. గుమ్మడి, జగ్గయ్య పుట్టింది మీ చుట్టుపక్కల ఊళ్లలోనే. నాటక సమాజాలు, నాటక పరిషత్తుల పోటీలు మీ ప్రాంతానికి కొత్త కాదు. డిగ్రీ పూర్తయ్యేలోగా ఒక సమాజంలో చేరి సాయంత్రాలు రిహార్సల్స్‌కు వెళ్లనివ్వండి. మొదట మీరూ వెంట వెళ్లి, దర్శకుడితో మాట్లాడి, అక్కడి వాతావరణం చూడండి. మొదట్లో ఆమెకు డైలాగు లేని వేషమే ఇవ్వవచ్చు, తెర వెనక సామాను సర్దమనవచ్చు. దాన్ని చిన్నతనంగా అనుకోవద్దని చెప్పండి. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ప్రవేశానికి నాటకాల్లో పాల్గొన్న అనుభవం కూడా అడుగుతుంది, హిందీ తెలిసి ఉండాలి. ఎంపికైనవారికి ఉపకార వేతనం ఇస్తుంది. దక్షిణాది వాళ్ల కోసం బెంగళూరులో దానికి ఏడాది కోర్సు కేంద్రమూ ఉంది. హిందీ ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ప్రైవేటు సంస్థలన్నీ మోసమని నేను అనను. కానీ డబ్బు కట్టే ముందు అడగాల్సినవి అడగాలి. వారానికి ఎన్ని గంటలు? ఒక బ్యాచ్‌లో ఎంతమంది? గొంతు, శరీర శిక్షణ ఎవరు ఇస్తారు? కోర్సు చివర విద్యార్థులతో పూర్తి నిడివి నాటకం వేయిస్తారా, కెమెరా ముందు రెండు సన్నివేశాలతో సరిపెడతారా? ఫొటోల ఆల్బమ్‌కు విడిగా వసూలు చేస్తారా? స్పర్శ అవసరమైన సన్నివేశాల్లో ముందుగా అంగీకారం తీసుకునే పద్ధతి ఉందా? పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపులపై అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీ సభ్యులెవరో అడగండి. సినిమా అవకాశం ఇప్పిస్తామని మాట ఇచ్చేవారి దగ్గర అక్కడితో మాట ఆపేయండి. ఆ మాట ఏ గురువూ ఇవ్వలేరు.

జీవనోపాధి గురించి మీరు అడగలేదు, కానీ మనసులో ఉంటుంది. నటనతోనే బతికేవాళ్లు తక్కువే. డబ్బింగ్, రేడియో, బడుల్లో నాటకం నేర్పడం వంటి పనులు ఉన్నాయి. వాటి ఆదాయం నిలకడగా ఉండదు. బీకాం చేతిలో ఉంటే లెక్కల పని చేసుకుంటూ సాయంత్రాలు నాటకం ఆడగలదు. అలా ఏళ్ల తరబడి రంగస్థలాన్ని నిలబెడుతున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లను చిన్నచూపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది.

డిగ్రీ చివరి సంవత్సరంలో, రెండు మూడు నాటకాలు వేశాక కూడా ఆమెకు ఇదే పట్టుదల ఉంటే ప్రవేశ పరీక్షలకు దరఖాస్తు చేయించండి. అప్పటికీ హైదరాబాద్ సంస్థలోనే చేరతానంటే, ఫీజు కట్టే ముందు ఒక రోజంతా తరగతిలో కూర్చుని చూడనివ్వమని మీరిద్దరూ కలిసి అడగండి. కాదంటే వెనక్కి వచ్చేయండి.