మొక్కల తొట్టికి దీపం కట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రెండడుగుల అక్వేరియంలో మొక్కలు వేశావనీ, దానికి ఎల్‌ఈడీ దీపం నువ్వే కట్టుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పగా చాలా సంతోషించాను. ఈ పనిలో వెలుతురు తెప్పించడం తేలిక. ఆ వెలుతురుతోపాటు పుట్టే వేడిని బయటికి పంపడం, వెలుతురును హద్దులో ఉంచడం కష్టం. నీ శ్రద్ధంతా ఈ రెండింటి మీదే పెట్టమని నా సలహా.

నీ తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు అయితే దాదాపు 65 లీటర్ల నీరు పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ విడిగా ఇవ్వకుండా అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్, వాలిస్నేరియా వంటి మొక్కలు పెంచేవారికి లీటరుకు 20 నుంచి 30 ల్యూమెన్లు (వెలుతురు కొలత) సరిపోతాయి. ఒక వాట్ తెల్ల ఎల్‌ఈడీ సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే 18 చాలు. వాటిని తొమ్మిదేసి చొప్పున ఒకదాని వెనక ఒకటిగా (సిరీస్‌లో) రెండు వరసలుగా కట్టి, ఒక్కో వరసకు 300 మిల్లీయాంపియర్ల స్థిర కరెంటు డ్రైవర్, అంటే ఎల్‌ఈడీలకు మారని కరెంటు అందించే పరికరం, ఒక్కొక్కటి పెట్టు. వరసకు ఆరు 6500 కెల్విన్‌వి (చల్లని తెలుపు), రెండు 3000 కెల్విన్‌వి (పసుపు ఛాయ తెలుపు), ఒకటి 660 నానోమీటర్ల ముదురు ఎరుపుది తీసుకుంటే మొక్కలకూ మేలు, కంటికీ ఇంపు. ఎరుపు, నీలం మాత్రమే కలిపిన ఊదా వెలుతురులో మొక్కలు పెరుగుతాయి గానీ చేపల అసలు రంగు తెలియదు, ఆకులకు పాచి పట్టినా వెంటనే కంటికి ఆనదు.

తెల్ల ఎల్‌ఈడీకి మూడు వోల్టులకు కాస్త పైన, ఎరుపుదానికి రెండుకు కాస్త పైన పడుతుంది కనుక వరస మొత్తానికి సుమారు 27 వోల్టులు అవుతుంది. ఆ వోల్టేజీ డ్రైవర్ మీద ముద్రించిన అవుట్‌పుట్ హద్దుల లోపల ఉందో లేదో కొనేముందే చూసుకో. డ్రైవర్ తప్పనిసరిగా ఐసొలేటెడ్ రకం కావాలి. చవకగా దొరికే కొన్నింటిలో ఇంటి 230 వోల్టుల లైనుకూ ఎల్‌ఈడీ తీగలకూ మధ్య ఎడమే ఉండదు. నీళ్ల పక్కన అటువంటిది పెట్టకూడదు. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే ఈ సామాను చాలావరకు దొరుకుతుంది.

ఇక వేడి సంగతి. ఎల్‌ఈడీకి ఇచ్చిన కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది, ఆ వేడి వెనకవైపు నుంచే పోవాలి. అందుకే రెండంగుళాల వెడల్పున్న మందపాటి అల్యూమినియం ఛానెల్ తీసుకో. ఎల్‌ఈడీ పలకలకు తీగలను ముందే సోల్డర్ చేసి, ఆ తరువాతే వేడిని ఛానెల్‌కు చేరవేసే థర్మల్ పేస్టు పలచగా రాసి, రెండేసి స్క్రూలతో ఛానెల్‌కు బిగించు. ముందే బిగిస్తే సోల్డరింగ్ ఐరన్ వేడిని అల్యూమినియం లాగేసుకుని టంకం సరిగా కరగదు, పైకి అతికినట్టే కనిపించి నాలుగు రోజులకు ఊడుతుంది. బిగించాక మల్టీమీటర్‌ను బీప్ (కంటిన్యూటీ) మీద పెట్టి, ఒక కొనను ఛానెల్‌కు తాకించి, రెండో కొనను ఒక్కొక్క టంకం చుక్కకు ఆనించి చూడు. ఎక్కడ బీప్ అన్నా అక్కడ కరెంటు ఛానెల్‌కు తగులుతున్నట్టే, ఆ ఎల్‌ఈడీని విప్పి సరిచేయనిదే ముందుకు వెళ్లకు. డ్రైవర్‌కు ప్లగ్ పెట్టి, ఆ తరువాత వరసను తగిలించడం ఎప్పుడూ చేయవద్దు. లోడు లేని డ్రైవర్ వోల్టేజీని చివరిదాకా పెంచి ఉంచుతుంది, తగిలించిన క్షణాన ఎల్‌ఈడీలు మాడిపోతాయి. గంటసేపు వెలిగించాక ఛానెల్ వెనక వేలు పెట్టి ఐదారు సెకన్లు ఉంచగలిగితే వేడి అదుపులో ఉన్నట్టే.

ఛానెల్‌కు ఎర్త్ తీగ కలుపు. దీపం కింద మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ పలక అమర్చి, పైభాగం మాత్రం గాలికి వదిలేయి. కరెంటు తీగ ప్లగ్గుకు చేరేముందు ఒకసారి కిందికి వేలాడి పైకి వెళ్లేలా ఉంచితే, తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. ఇంట్లో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించుకుని, ఆ తరువాతే దీపం వెలిగించు.

మొదటి నెల రోజుకు ఆరు గంటలకు మించి వెలిగించవద్దు. కొత్త మొక్కలు వేళ్లూనకముందు మిగిలిన వెలుతురంతా పాచికే పోతుంది. మొక్కలు కొత్త ఆకులు వేయడం మొదలయ్యాక వారానికి అరగంట చొప్పున పెంచుతూ ఎనిమిది గంటల దగ్గర ఆపు. గాజు మీద, ఆకుల అంచున పాచి కనిపిస్తే మందుల జోలికి పోకుండా దీపాన్ని నాలుగంగుళాలు పైకి లేపు, లేదా ఒక వరస కొన్ని గంటలు ఆపు. వేర్వేరు డ్రైవర్లు పెట్టమన్నది అందుకే. టైమర్ కొనేటప్పుడు లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది తీసుకో, ముల్లు తిరిగే రకం కరెంటు పోయిన ప్రతిసారీ అంతసేపు వెనకబడుతుంది. నువ్వు బోరు నీళ్లు వాడుతున్నట్టయితే అక్రిలిక్ పలక మీద సున్నపు మచ్చలు కట్టి వెలుతురును తగ్గిస్తాయి కనుక వారానికోసారి, ప్లగ్ తీసి, తడిబట్టతో తుడుస్తూ ఉండు.