ప్రాసెసర్ మార్చాక డిస్‌ప్లే రావట్లేదా? ముందు బయాస్ చూడండి

హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డులో ఇంటెల్ ఐ3-2100 ప్రాసెసర్ తీసి ఐ5-3470 పెడితే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉందని ఒకరు అడిగారు. పాతది మళ్లీ పెడితే ఆన్ అవుతోంది కాబట్టి బోర్డు గురించి టెన్షన్ వద్దు. రెండు ప్రాసెసర్లకూ సాకెట్ (బోర్డు మీద చిప్ కూర్చునే చోటు) 1155యే, కాబట్టి అక్కడా తేడా లేదు. నా అనుమానం బయాస్ మీదే, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్ మీద. ఐ5-3470 లాంటి, 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ తరం చిప్‌లను పాత బయాస్ గుర్తుపట్టదు.

ఐ3 పెట్టి ఉంచే బయాస్ అప్‌డేట్ చేయండి. బోర్డు మీద అచ్చయిన మోడల్, రివిజన్ నంబర్లు చూసి, తయారీదారు సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవండి. 3470 పక్కన రాసిన బయాస్ వెర్షన్ లేదా అంతకన్నా కొత్తది వేయాలి. లిస్టులోనే లేకపోతే ఆ చిప్ వాపసు ఇచ్చేయడం మేలు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మాత్రం బోర్డు పనికిరాకుండా పోవచ్చు, యూపీఎస్ ఉంటే వాడండి.

వేడి విషయానికొస్తే ఐ3ది 65 వాట్లు, ఐ5ది 77. పాత కూలరే వాడినా చిప్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని అందించే థర్మల్ పేస్ట్ కొత్తది రాయండి.