వెనక కూర్చున్నవాడి కథ

నెల్లూరు

చిరంజీవి అబ్బయ్యకు,

నీ కథ అందింది. మొదటిసారి ఏమయ్యారో ఏమోనని ఆత్రంగా చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. మన కావలి పిల్లవాడు ఇంగ్లండులో డివైజెస్ నుంచి వెస్ట్‌మినిస్టర్ దాకా, శనివారం బయల్దేరి రాత్రంతా తెడ్డేసి, 125 మైళ్లు పోయాడంటే నాకు గర్వంగా ఉంది. 1948 ఈస్టరు నాటి నుంచి వస్తున్న పడవ పందెపు దారి అది. దాని మీద తెలుగులో కథ రాయాలని నీకు అనిపించడం ఇంకా సంతోషం.

ఇక కథ సంగతి. నాలుగో పేజీలో ‘వాడి ముఖంలో బాధ చూసి నా గుండె చెరువైంది’ అని రాశావు. ఎట్లా చూశావు? ఆ ఇద్దరి పడవలో నువ్వు వెనక కూర్చున్నానని ముందే చెప్పావు కదా. ముందువాడు కాళ్లతో చుక్కాని తిప్పుతూ వేగం పెడతాడు. వెనకవాడు వాడి తెడ్డుకు తన తెడ్డు కలుపుతాడు. నీళ్ల మీద ఉన్నంతసేపూ నీకు కనిపించింది వాడి వీపు. మరి ఆ వీపు కథలో ఏదీ? అలసిపోతే ఏ భుజం ముందు జారేది? చలికి మెడ ఎట్లా ముడుచుకునేది? చీకట్లో వాడి తలకు కట్టిన లైటు ఎటు తిరిగితే నీకు ఏం తెలిసేది? అవి నీకు తప్ప ఇంకెవరికీ తెలియవు. ముఖాలు అందరూ రాస్తారు.

రెండోది, నాకు ఎక్కువ బాధ కలిగించింది. దారిలో 77 చోట్ల పడవ దిగి, దాన్ని భుజాన వేసుకుని, ఒడ్డున పరిగెత్తి మళ్లీ నీళ్లలో దించాలి. లాకు తలుపులు మూసి, నీటిమట్టం సమానం చేసి, తలుపులు తీసేదాకా ఆగితే పందెం అయిపోతుంది కాబట్టి మోసుకుపోతారు. దీన్ని నువ్వు ‘మధ్యమధ్యలో పోర్టేజ్‌లు చేశాం’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. పోర్టేజ్ పక్కన అర్థం కూడా ఇచ్చావు. ‘మోత’ అను, చాలు. కానీ ఆ మోతల దగ్గర ఆగాలయ్యా. ఒడ్డు పట్టుకుని దిగేటప్పుడే గదా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేది!

మా చిన్నప్పుడు బకింగ్‌హాం కాలువలో పడవలు తిరిగేవి. ఒకసారి మా మేనమామతో ఇస్కపల్లి ఉప్పు పడవెక్కాను. ఒకాయన తాడు భుజాన వేసుకుని కట్ట మీద నడుస్తూ పడవను లాగుతున్నాడు. మామ వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. గంటల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. లాకు దగ్గర ఆగినప్పుడు తాడు లాగినాయన కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చున్నాడు. మామ సీసాలోంచి అరచేతిలోకి ఆముదం పోసుకుని, తాడు ఒరుసుకుపోయిన ఆ భుజానికి మెల్లగా రాశాడు. “మంటగా ఉందా?” అన్నాడు. ఆయన “లేదులే” అన్నాడు. అంతే. ఆ ప్రయాణం మీద నేను రాసిన మొదటి కథలో సూర్యోదయం ఉంది, కొంగలు ఉన్నాయి, ఆముదం లేదు. కథ తిరిగొచ్చింది. నాలుగేళ్ల తర్వాత ఆ అరచెయ్యి గుర్తొచ్చి మళ్లీ రాశాను, అప్పుడు నిలబడింది.

అన్ని మోతలూ రాయమనడం లేదు. మూడు చాలు. ఒంట్లో బలం ఉన్నప్పటిది ఒకటి, అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి పడవ జారబోయిందన్నావే, అది ఒకటి. ఆఖరిది టెడింగ్టన్ దగ్గర. ఆ లాకు దాటితే థేమ్స్‌లో సముద్రపు ఆటుపోట్లు మొదలు. పోటు వేళకు అక్కడికి చేరి, నీళ్లు వెనక్కి తీసేటప్పుడు వాటితోపాటు కిందికి పోవాలని బయల్దేరే టైమును ముందే లెక్క కట్టుకుంటారు గదా. మీరు లేటయ్యారు. ఆ టెన్షన్‌లో వాడు నీ మీద అరిచాడని ఫోన్‌లో చెప్పావు. కథలో ఎందుకు తీసేశావు? స్నేహితుడు చిన్నబోతాడనా? వాడి మీద నీకున్న ప్రేమ ఎక్కడికీ పోదు, రాయి.

1979 రికార్డు, 15 గంటల 34 నిమిషాలు, కథలో మూడుసార్లు వచ్చింది. ఒక్కసారి ఉంచు. ‘కలిసి నడిస్తే సాధించలేనిది లేదు’ అన్న చివరి పేరా మొత్తం కొట్టేశాను. దాని ముందు వాక్యం, తడి బూట్లలోంచి నీళ్లు ఒంపుతూ ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నది, బాగుంది.

సంక్రాంతికి వస్తావు గదా. తిరగరాసింది తీసుకురా. ఇస్కపల్లి వైపు పోయి కాలువ కట్ట మీద కూర్చుందాం. నువ్వు పైకి చదువు, నేను వింటాను. కళ్లు ఈమధ్య తొందరగా అలసిపోతున్నాయి, అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య