పాట వెనకబడిందా?

ప్రశ్న: నేను విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఒక జాజ్ బృందం బ్రెజిల్ దేశపు బొస్సా నోవా పాటలతో చేసిన కచేరీ రికార్డింగును ఈ మధ్య ఇంట్లో అందరం విన్నాము. గాయని ఎత్తుకున్న ప్రతిసారీ తాళానికి వెనకబడుతున్నట్టు తోచింది. డ్రమ్ముల వాయిద్యం ఉన్నదో లేదో తెలియనంత మెల్లగా వినిపించింది. ఇది లోపమా, పద్ధతా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: పద్ధతేనమ్మా, అదీ ఎంతో సాధన చేస్తే తప్ప పట్టుబడని పద్ధతి. మీరు తాళాన్ని డ్రమ్ముల్లో వెతికారు, కాని ఈ సంగీతంలో తాళం గిటారు వాయించేవారి బొటనవేలిలో ఉంటుంది. రియో డి జనీరో వీధుల్లో సాంబా ఊరేగింపు నడిచేటప్పుడు సుర్దు అనే పెద్ద డోలు రెండేసి లెక్కలుగా మోగుతూ ఉంటే, చిన్న వాద్యాలు ఆ దెబ్బల సందుల్లో పలుకుతాయి. 1958లో బ్రెజిల్ గాయకుడు, గిటారు వాద్యకారుడు జొవావ్ జిల్బెర్టో రికార్డు చేసిన బొస్సా నోవా పాటల్లో ఆ ఊరేగింపంతా ఒక్క గిటారులోకి ఒదిగింది. బొటనవేలు సుర్దు పని చేస్తుంది, తక్కిన వేళ్ళు సందుల్లో స్వరగుచ్ఛాలను మీటుతాయి. ఆ బొటనవేలి లెక్క ఎంతమాత్రం తప్పదు కనుకనే, గొంతు పెంచకుండా మాట్లాడుతున్నట్టు పాడే గాయని కాస్త ఆగి అందుకోవచ్చు, కాస్త ముందుగానూ రావచ్చు. తాళానికి ముందుగానో వెనకగానో పాట ఎత్తుకునే అతీత, అనాగత ఎడుపులు మీకు తెలిసినవే. అయితే మన కృతిలో ఎడుపు ఒకసారి కుదిరితే అక్కడే నిలుస్తుంది, ఇక్కడ అదే పంక్తి తిరిగి వచ్చినప్పుడల్లా చోటు మారుతుంది.

అమెరికా జాజ్ కళాకారులు స్టాన్ గెట్జ్, చార్లీ బర్డ్ 1962లో ఈ పాటలను రికార్డు చేశాక జాజ్ బృందాలెన్నో వీటిని అందుకున్నాయి. అలవాటైన జోరుతో డ్రమ్ములు మోగిస్తే బొటనవేలి నాదం మునిగిపోతుంది. అందుకే తెలిసినవారు కర్రను డ్రమ్ము అంచుకు ఆనించి టక్కుమనిపించి ఊరుకుంటారు. మీరు విన్న బృందం ఆ సంయమనం పాటించింది, నా దృష్టిలో అది వారి గొప్పతనం.

వయొలిన్ విద్యార్థిని కనుక ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆంతోనియో కార్లోస్ జోబిమ్, న్యూటన్ మెండోన్సా కలిసి కూర్చిన 'ఒక్క స్వరపు సాంబా' వినండి. పాట చాలాసేపు పంచమం మీదనే నిలిచి ఉంటుంది, కింద గిటారు మంద్రస్వరం మాత్రం అర మెట్టు చొప్పున దిగుతూ పోతుంది. మనకు తంబుర కదలదు, రాగం సంచరిస్తుంది. అక్కడ స్వరం కదలదు, దాని కింది నేలే జరుగుతుంది, ఆ జరుగుడుకు అదే పంచమం ప్రతిసారీ వేరే రంగు తేలుతుంది. పడమటి నుంచి వచ్చిన వయొలిన్‌ను ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మన రాగాలు పలికించిన చోట చదువుతున్న మీకు ఆ రంగులు పట్టుకోవడం కష్టం కాదు.

మళ్ళీ వినేటప్పుడు మొదట గాయనిని విడిచిపెట్టి, గిటారు మంద్రపు తీగను అనుసరించి చేత్తో రెండేసి లెక్కలు వేయండి. చెయ్యి కుదిరాక పాట వైపు చెవి తిప్పండి, చెయ్యి మాత్రం ఆపకండి.