హాస్టల్లో వేస్తే దారికొస్తాడా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మావాడు ప్లస్‌ టూ సైన్స్‌ మొదటి ఏడాది. క్లాసులు ఎగ్గొడుతున్నాడు, అబద్ధాలు, కొట్లాటలు. మొన్న జేబులో గుట్కా ప్యాకెట్‌ దొరికింది. చిన్నప్పటి నుంచీ తిట్టి తిట్టి నా నోరు నొప్పి పుట్టిందే గానీ మార్పు లేదు. విశాఖ హాస్టల్లో వేయమంటారా, ఐటీఐలో పడేయమంటారా?

జవాబు: నా కళ్లు ఆగింది గుట్కా దగ్గర కాదండీ, ‘చిన్నప్పటి నుంచీ తిట్టి తిట్టి’ అన్న ముక్క దగ్గర. ‘తిండి దండగ’, ‘పక్కింటోణ్ణి చూసి బుద్ధి తెచ్చుకో’ లాంటివి మన ఇళ్లలో అసలు తిట్ల కిందే లెక్క కాదు. చెయ్యి చేసుకోలేదు కదా అనుకుంటాం. రోజూ కించపరచడం, ఇంట్లోంచి గెంటేస్తానని బెదిరించడం, రోజుల తరబడి పలకరించకపోవడం కూడా హింసే. 1998లో అమెరికాలో వెలువడిన బాల్య కష్టాల అధ్యయనం కొట్టడంతో పాటు దీన్నీ విడిగా లెక్కలోకి తీసుకుంది. టీనేజీలో దూకుడుకు, మత్తు అలవాట్లకు, దిగులుకు దీనితో సంబంధం ఉందని ఆ తర్వాత ఎన్నో పరిశోధనలు చూపాయి. అలా పెరిగినవాళ్లంతా చెడిపోతారని కాదు, ముప్పు పెరుగుతుంది.

ఎప్పుడు ఏ మాట పడాల్సొస్తుందోనని బిక్కుబిక్కుమంటూ పెరిగిన పిల్లాడికి మామూలు మాటా ఎత్తిపొడుపులాగే వినిపిస్తుంది. లెక్చరర్‌ ‘ఏం, నిన్న రాలేదు?’ అంటే చాలు, ఎదురు తిరుగుతాడు. నిజం చెప్పినా తిట్లే కాబట్టి అబద్ధం అలవాటవుతుంది. ఇంట్లో దొరకని విలువ టీ బడ్డీ దగ్గర స్నేహితులిస్తారు. గుట్కా ఆ జట్టుకు కట్టే చందా.

హాస్టల్‌ ఇప్పుడు వద్దు. నన్ను వదిలించుకున్నారనే అనుకుంటాడు. ఐటీఐ మంచిదే, ‘పడేయడమే’ మంచిది కాదు. వైర్లు, మోటార్లంటే సరదా ఉంటే ఎలక్ట్రీషియన్‌ ట్రేడ్‌ రెండేళ్లు. ఆ తర్వాత పాలిటెక్నిక్‌ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. బరంపురం ఐటీఐకి ఒకసారి తీసుకెళ్లి వర్క్‌షాప్‌ చూపించండి. నిర్ణయం వాడికే వదలండి.

ఈలోగా మార్కుల ఊసెత్తకండి. తప్పు చేస్తే ఆ ఒక్క తప్పు గురించే అడగండి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అనొద్దు. తిట్టిన మాటలకు ‘పొరపాటైంది నాన్నా’ అని ఒక్కసారి అనగలరా? కష్టమే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ టెలిమానస్‌ 14416కు ఫోన్‌ చేయండి. ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ముందు మీరే మాట్లాడండి, వాణ్ణి బలవంతంగా కూర్చోబెట్టకండి. చస్తాననడం, చేయి కోసుకోవడం లాంటివి కనిపిస్తే మాత్రం ఆగకుండా బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి.